‘మామూలు’ మామూలు విషయం కాదు

(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో నాకు అప్పగించిన అంశం లంచగొండితనం. అంశం పేరు చూడగానే మీలో కొందరికి సందేహం వచ్చి ఉంటుంది. వరకట్నం, గృహహింస, ఆస్తి హక్కు, పనిచోట లైంగిక వేధింపులు ఇవన్నీ స్త్రీల సమస్యలు. లంచమంటే ఆడా మగా అందరూ ఇచ్చుకునేదే కదా, దాన్ని స్త్రీల హక్కుల తరగతిలో చెప్పుకోవలసిన అవసరం ఏమొచ్చింది అని. ఆ సందేహానికి జవాబు చెప్పడమే నా ప్రసంగం ఉద్దేశం.

లంచం అందరినీ అడుగుతారు, నిజమే. కానీ అందరినీ ఒకే ధైర్యంతో అడగరు. వెనక నలుగురున్న మనిషిని అడగడానికి గుమస్తా కూడా ముందూ వెనకా ఆలోచిస్తాడు. చట్టం తెలిసిన మనిషిని, ‘ఇవ్వను, ఏం చేస్తావో చేసుకో’ అనగలిగిన మనిషిని అడగడానికి వెనకాడతాడు. ఒంటరిగా వచ్చిన మనిషి, అవసరం నెత్తిమీద కూర్చున్న మనిషి, కాగితంలో ఏముందో తెలియని మనిషి ఎదురైతే మాత్రం అతనికి ఏ భయమూ ఉండదు. ఒంటరితనం, అత్యవసరం, తెలియనితనం, ఈ మూడూ ఉన్న చోట లంచం బాగా పండుతుంది. ఈ మూడింటినీ మన సమాజం తరతరాలుగా ఆడవాళ్ళకే ఎక్కువగా పంచిపెట్టింది. అందుకే లంచం స్త్రీల సమస్య. దాన్ని ఎదుర్కొనే దారి కూడా ఇక్కడి నుంచే వెతుక్కోవాలి.

ముద్దుపేర్లు

తెలుగులో లంచానికి ఉన్నన్ని ముద్దుపేర్లు ఇంకే నేరానికీ లేవేమో. చెయ్యి తడపడం, ఆమ్యామ్యా, చాయ్ పానీ, పై సంపాదన, దక్షిణ, ముడుపులు, మామూలు. ముడుపు అంటే ఏమిటి? బిడ్డకు జబ్బు చేస్తే తల్లి పసుపు గుడ్డలో నాణెం కట్టి దేవుడి పేరున దాచేది. ఆ మాటే ఇవాళ కాంట్రాక్టర్లు పెద్దలకు పంపే సొమ్ముకు పేరయింది. మామూలు అంటే ఎప్పటి నుంచో జరుగుతూ వస్తున్నది, వాడుక అని అర్థం. ‘ఇందులో అడగడానికేముంది’ అన్న మాట ఆ పేరులోనే ఉంది. దోపిడీని వాడుక అని పిలవడం అలవాటయ్యాక ఇచ్చినామె లౌక్యం తెలిసినదవుతుంది, ఇవ్వనామె పేచీకోరు అవుతుంది. తీసుకున్నవాడి గురించి ఎవరూ మాట్లాడరు.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. 1874లో వివేకవర్ధిని పత్రిక పెట్టిన కందుకూరి వీరేశలింగం అందులో ఆనాటి కచేరీల్లో నడిచే లంచాల గురించి రాశాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినవాడూ ఆయనే. ఈ రెండూ ఆయనకు వేరు వేరు పనులుగా కనిపించలేదు. దిక్కులేనివాళ్ళను ఆచారం ఒకవైపు, అధికారం ఒకవైపు పిండుకుతింటున్నాయని ఆయన గ్రహించాడు. నూట నలభై ఏళ్ళు దాటినా మనం ఆ రెండింటినీ కలిపి చూడడం ఇంకా నేర్చుకోవలసే ఉంది.

హక్కుకు ధర కట్టడం

స్త్రీ జీవితంలో ప్రభుత్వంతో పని పడే సందర్భాలు ఏవో ఒకసారి లెక్కపెట్టండి. కాన్పుకు ఆస్పత్రి. బిడ్డకు జనన ధృవీకరణ పత్రం. రేషన్ కార్డు. మొగుడు కొడితే పోలీసు స్టేషను. మొగుడు చనిపోతే మరణ ధృవీకరణ పత్రం, ఆ తర్వాత వితంతు పింఛను, భూమి ఉంటే పేరు మార్పిడి. ప్రతి సందర్భంలోనూ ఆమె నొప్పితోనో, భయంతోనో, దుఃఖంతోనో వెళుతుంది. బేరమాడే ఓపిక ఆమెకు ఉండదు. సరిగ్గా ఆ సమయం చూసే చెయ్యి చాస్తారు.

కాన్పుల వార్డు సంగతే తీసుకుందాం. ప్రభుత్వాస్పత్రిలో కాన్పుకు వచ్చిన స్త్రీకి మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాను పోను వాహనం అన్నీ ఉచితంగా అందాలని 2011 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం జనని శిశు సురక్ష కార్యక్రమం ప్రకటించింది. కాగితం మీద రూపాయి ఖర్చు లేదు. కానీ స్ట్రెచరు నెట్టినందుకు, బిడ్డను కడిగినందుకు, బిడ్డను తెచ్చి బయట ఉన్నవాళ్ళకు చూపించినందుకు డబ్బులు అడగడం మీ అందరికీ తెలిసిందే. మగబిడ్డ అయితే ఒక రేటు, ఆడపిల్ల అయితే తక్కువ రేటు. ‘ఆడపిల్లే కదా పాపం’ అని జాలిపడి తగ్గిస్తారు. ఆ పిల్ల భూమ్మీద పడి గంట కూడా కాలేదు, అప్పుడే ఆమె విలువ తక్కువని రూపాయల్లో తేల్చేశారు. పితృస్వామ్యమూ లంచమూ చేతిలో చెయ్యి వేసుకుని నడవడమంటే ఇదే.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. మనకు కనిపించేది చెయ్యి చాచిన ఆయా ఒక్కతే. ఆమె కూడా ఆడదే, పేదదే. ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చాలీచాలని జీతానికి పనిచేస్తూ ఉంటుంది. ఆ పని దొరకడానికి తానూ ఎవరికో డబ్బు కట్టుకుని ఉంటుంది. ఆ అప్పు తీర్చడానికి మన దగ్గర వసూలు చేస్తుంది. అట్టడుగున ఆడవాళ్ళు ఒకరి దగ్గర ఒకరు గుంజుకుంటూ ఉంటే ఉద్యోగాలు అమ్ముకున్నవాడు, బదిలీలు అమ్ముకున్నవాడు, మందుల కొనుగోళ్ళలో కమీషను తిన్నవాడు పైన నిశ్చింతగా ఉంటాడు. మన కోపమంతా కిందనున్న ఆమె మీదే ఖర్చయిపోతే పైవాళ్ళకు అంతకంటే కావలసింది లేదు.

పోలీసు స్టేషను సంగతి చూడండి. వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం జరిగిందని ఫిర్యాదు వస్తే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరాలని లలితా కుమారి కేసులో 2013 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయినా కోడలు చనిపోయిన కేసుల్లో ఏం జరుగుతున్నదో మనకు తెలుసు. ఒకవైపు కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు, మరొకవైపు డబ్బున్న అత్తింటివాళ్ళు. పంచనామా ఎలా రాయాలి, ‘కడుపునొప్పి తాళలేక’ అని రాయాలా, ‘వేధింపులు భరించలేక’ అని రాయాలా అన్నది ఎవరి చెయ్యి బరువైతే వాళ్ళ వైపు మొగ్గుతుంది. కట్నం ఇవ్వలేక చనిపోయిన పిల్లకు న్యాయం కోసం మళ్ళీ కట్నం లాంటిదే ఇంకొకటి కట్టాలి.

ఇక ఈ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? చెవి దుద్దులు తాకట్టు పెట్టగా వస్తుంది. నూటికి ఐదు, పది వడ్డీకి తేగా వస్తుంది. పిల్ల చదువు మానిపించగా వస్తుంది. పుచ్చుకున్నవాడికి అది సాయంత్రం ఖర్చు. ఇచ్చినామెకు ఏడాది అప్పు. లంచాన్ని రూపాయల్లో కొలిస్తే దాని బరువు తెలియదు, కూలి దినాల్లో కొలవాలి.

డబ్బు కానిది అడిగినప్పుడు

ఆడవాళ్ళను అడిగే లంచం ఎప్పుడూ డబ్బే కాదు. ఈ మాట బయటికి చెప్పుకోవడానికి మనమే సంకోచిస్తాం. సంతకం కోసం, పోస్టింగు కోసం, మార్కుల కోసం, పింఛను మంజూరు కోసం వెళ్ళిన స్త్రీని ‘సాయంత్రం గెస్టుహౌసుకు రా’ అనడం కూడా లంచం అడగడమే. దీన్ని శీలానికి సంబంధించిన వ్యవహారంగా చూడడం వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. ఒకటి, అడిగినవాడు తన అధికారాన్ని అమ్ముకుంటున్నాడన్న సంగతి మరుగున పడుతుంది. రెండు, నింద అంతా ఆమె మీదికి తిరుగుతుంది.

చట్టం ఈ విషయంలో మనం అనుకునేదానికంటే స్పష్టంగా ఉంది. 1988 అవినీతి నిరోధక చట్టంలో లంచమంటే డబ్బు మాత్రమే కాదనీ, డబ్బుతో కొలవగలిగిన ప్రతిఫలం మాత్రమే కూడా కాదనీ వివరణ ఇచ్చారు. 2018లో చట్టాన్ని సవరించినప్పుడు కూడా ఆ వివరణను ఉంచారు. అంటే ప్రభుత్వోద్యోగి తన పని చేసిపెట్టడానికి లైంగిక ప్రతిఫలం కోరడం కూడా ఈ చట్టం కిందికి వస్తుందని మనం వాదించవచ్చు. 2013లో వచ్చిన పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఒక వైపు, ఇది మరొక వైపు. ఇలాంటి ఫిర్యాదు మన దగ్గరికి వస్తే రెండు దారులూ ఆలోచించాలి. ఆమె చెప్పుకోలేక ఏడుస్తుంటే ‘ఇది నీ పరువు సంగతి కాదు, వాడి లంచం సంగతి’ అని మనం ముందుగా చెప్పగలగాలి.

మన ఇళ్ళలోకి వచ్చే లంచం

ఇంతవరకు స్త్రీలు లంచం ఇచ్చుకునేవాళ్ళుగా మాట్లాడాను. ఆ సొమ్ము అనుభవించే ఇళ్ళలో కూడా స్త్రీలు ఉన్నారు. ఈ మాట మనకు చేదుగా ఉన్నా చెప్పుకోక తప్పదు.

పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం అడిగాక ఇంకో ప్రశ్న అడుగుతారు. ‘పైన ఎంత వస్తుంది?’ అని. సిగ్గుపడవలసిన ప్రశ్న కాబట్టి గొంతు తగ్గించి అడుగుతారు. జవాబు వినగానే సంతోషం పట్టలేక గొంతు పెంచుతారు. లంచాలు బాగా వచ్చే శాఖలో ఉద్యోగమైతే కట్నం రేటు పెరుగుతుంది. అంటే పిల్ల తండ్రి ఇచ్చే కట్నం, ఆ అబ్బాయి ముందు ముందు ప్రజల దగ్గర పిండబోయే సొమ్ముకు పెట్టుబడి. కట్నం ఇచ్చినవాడు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? అతనూ ఉద్యోగి అయితే లంచాలు తీసుకునే తెస్తాడు. ‘ఆడపిల్లలున్నారు, పెళ్ళిళ్ళు చెయ్యాలి’ అన్నది లంచం తీసుకునేవాడు తరచుగా చెప్పే సాకు. ఇలా వరకట్నం లంచాన్ని పెంచుతుంది, లంచం వరకట్నాన్ని పెంచుతుంది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా కట్నం పోలేదేమని అడిగేవాళ్ళు ఈ ముడిని కూడా చూడాలి.

ఇంకొకటి. అక్రమ సంపాదనతో కొన్న ప్లాట్లు, బంగారం, బాండ్లు ఎవరి పేరున ఉంటాయి? భార్య పేరున, అత్త పేరున, కూతురి పేరున. పుట్టింటి ఆస్తిలో వాటా ఇవ్వమంటే స్త్రీ పేరు గుర్తుకు రాని సమాజానికి, దొంగసొమ్ము దాచుకోవలసి వచ్చినప్పుడు స్త్రీ పేరు గుర్తుకొస్తుంది. ఆమె సంతకం చేస్తుంది కానీ ఆ ఆస్తి మీద ఆమెకు అధికారం ఉండదు. ఏసీబీ వాళ్ళు తలుపు తట్టిన రోజున మాత్రం ఆమె కూడా ముద్దాయి కావచ్చు. ఆదాయానికి మించిన ఆస్తుల కేసుల్లో ప్రభుత్వోద్యోగులు కానివాళ్ళను కూడా నేరానికి తోడ్పడ్డారన్న అభియోగంపై విచారించవచ్చని 1999లో సుప్రీంకోర్టు నల్లమ్మాళ్ కేసులో తేల్చింది. కాబట్టి ‘మా ఆయన ఏదో తెస్తాడు, నాకేం తెలుసు’ అనడం ఆమెను నైతికంగానే కాదు, చట్టపరంగా కూడా కాపాడదు. భర్త జీతమెంతో, ఇంట్లోకి వస్తున్నదెంతో అడగడం భార్య హక్కు. అది మన హక్కుల జాబితాలో చేరాలి.

చట్టం ఎవరిని దొంగ అంటుంది?

2018 సవరణ గురించి ఇందాక చెప్పాను. అందులోని ఇంకొక భాగం గురించి మనం తీవ్రంగా ఆలోచించాలి. ఆ సవరణ 2018 జూలై 26న అమల్లోకి వచ్చింది. అంతకుముందు లంచం ఇచ్చినవాళ్ళు కోర్టుకు వచ్చి ‘నేను ఇచ్చాను’ అని చెబితే ఆ మాట ఆధారంగా వాళ్ళ మీద కేసు పెట్టకుండా 24వ సెక్షన్ కాపాడేది. ఆ సెక్షన్‌ను ఎత్తేశారు. లంచం ఇవ్వడాన్నే విడిగా ఒక నేరం చేశారు, శిక్ష ఏడేళ్ళ వరకు. బలవంతం మీద ఇచ్చినవాళ్ళకు మినహాయింపు ఉంది. అయితే ఇచ్చిన ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో చెప్పాలి. ముందుగానే ఏసీబీకి తెలియజేసి, వాళ్ళకు సహకరించడానికి ఇచ్చినవాళ్ళకు కూడా రక్షణ ఉంది.

నిన్న కాన్పయిన స్త్రీ ఏడు రోజుల్లో ఎక్కడికి పోయి చెబుతుంది? పోలీసు స్టేషన్లోనే లంచం అడిగితే ఏ పోలీసుకు చెబుతుంది? ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ దొంగలే అన్న మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. టెండరు కోసం కోట్లు ఇచ్చే కంపెనీ విషయంలో అది న్యాయమే. బిడ్డను చేతికివ్వడానికి ఐదువందలు అడిగితే ఇచ్చిన తల్లిని అదే తరాజులో తూచడం ఏం న్యాయం?

అదే 2018 సంవత్సరం జనవరి 2న ఎన్నికల బాండ్ల పథకాన్ని నోటిఫై చేశారు. పార్టీలకు కోట్ల రూపాయలు ఇచ్చిన కంపెనీల పేర్లు ఓటర్లకు తెలియనవసరం లేదని ఆ పథకం చెప్పింది. అంటే కోట్లు ఇచ్చేవాడి పేరు రహస్యం, ఐదువందలు ఇచ్చే ఆమె నేరస్తురాలు. ఒకే ఏడాదిలో ఏడు నెలల తేడాతో మన రాజ్యం ఈ రెండు పనులూ చేసింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. కానీ అప్పటికి రెండు సార్వత్రిక ఎన్నికల మధ్య కాలమంతా ఆ సొమ్ము పనిచేసింది.

చట్టసభల సంగతి కూడా చూడండి. 1993 జూలైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు కొందరు ఎంపీలు డబ్బు తీసుకుని ఓటు వేశారన్న ఆరోపణ మీద కేసు నడిచింది. డబ్బు తీసుకుని సభలో ఓటు వేసిన సభ్యుడి మీద విచారణ జరపడానికి రాజ్యాంగం అడ్డువస్తుందని 1998లో సుప్రీంకోర్టు మూడు రెండు మెజారిటీతో చెప్పింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు తప్పని తేల్చింది. మంచిదే. కానీ దానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది.

చట్టం మనకు అక్కర్లేదని నేను అనడం లేదు. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో ఐదుగురు న్యాయమూర్తులు, ఫిర్యాదుదారు చనిపోయినా ఎదురు తిరిగినా ఇతర సాక్ష్యాలతో, పరిస్థితుల ఆధారంగా లంచం అడిగాడని రుజువు చేయవచ్చని చెప్పారు. బెదిరింపులకు లొంగి సాక్షులు మాట మార్చే మన దేశంలో అది పనికొచ్చే తీర్పు. అయితే ఏ చట్టమైనా దాన్ని పట్టుకుని నిలబడే మనుషులు ఉన్నంతవరకే పనిచేస్తుంది.

ఓటు దగ్గర

ఓటుకు డబ్బు తీసుకోవడం గురించి పట్టణాల్లో కూర్చుని పేదలను తిట్టడం చాలామందికి అలవాటు. మనం ఆ పని చేయవద్దు. ‘వాళ్ళు తిన్నది మన సొమ్మే, కాస్త మనకొస్తే తప్పేమిటి’ అని ఒక కూలి స్త్రీ అంటే అందులో అమాయకత్వం లేదు, అనుభవం ఉంది. ఐదేళ్ళలో అధికారం ఆమె గుమ్మం ముందుకు వచ్చి చేతులు జోడించేది ఆ ఒక్క రోజే. 2021లో హుజూరాబాద్, 2022లో మునుగోడు ఉప ఎన్నికలప్పుడు కొన్ని ఊళ్ళలో ‘పక్కింటికి అందింది, మాకు అందలేదు’ అని జనం రోడ్డెక్కినట్టు పత్రికలు రాశాయి. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఓటుకు డబ్బు కూడా రేషన్ లాగా రావలసిన బాకీ అనుకునే దాకా పరిస్థితి వచ్చింది.

కానీ లెక్క వేసి చూద్దాం. ఆ రోజు పంచినవాడు దాన్ని దానమనుకోడు, పెట్టుబడి అనుకుంటాడు. ఆ పెట్టుబడి ఇసుకలో, మద్యంలో, కాంట్రాక్టుల్లో, బదిలీల్లో తిరిగి రాబట్టుకుంటాడు. బదిలీకి డబ్బు కట్టిన అధికారి మన పింఛను ఫైలు దగ్గర రాబట్టుకుంటాడు. ఒక చేత్తో తీసుకున్నది ఐదేళ్ళపాటు రెండు చేతులా కట్టుకుంటున్నాం. పైగా చాలా ఇళ్ళలో ఆమె ఓటుకు వచ్చిన డబ్బు కూడా ఆమె చేతికి రాదు. ఇంటికి ఎన్ని ఓట్లని లెక్కకట్టి మగవాడి చేతిలో పెడతారు.

పంచాయతీల్లో ఇంకో వింత నడుస్తోంది. సర్పంచి పదవిని వేలం వేసి, ఎక్కువ పాడినవాళ్ళను ‘ఏకగ్రీవం’ చేయడం. వచ్చిన డబ్బు గుడికో ఊరి పనికో అంటారు కాబట్టి అది తప్పుగా కనిపించదు. 1993లో 73వ రాజ్యాంగ సవరణ స్త్రీలకు పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో అది సగానికి పెరిగింది. కానీ మహిళకు కేటాయించిన స్థానాన్ని వేలం వేస్తే పాట పాడేది ఆమె కాదు, ఆమె భర్త. డబ్బుతో కొన్న కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి చెక్కుల మీద సంతకాలు పెట్టించుకుంటారు. పోరాడి తెచ్చుకున్న రిజర్వేషన్‌ను డబ్బు ఇలా వెనక తలుపు నుంచి తీసుకుపోతుంది.

ఆడవాళ్ళు లెక్క అడిగిన చోట

ఇదంతా విన్నాక మనవల్ల ఏమవుతుందని నిరాశ కలగవచ్చు. అందుకే ఆడవాళ్ళు కలిసి లెక్క అడిగిన కొన్ని చోట్ల ఏం జరిగిందో చెబుతాను.

సారా వ్యతిరేక పోరాటం మన కళ్ళ ముందు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌కు 1970-71లో 39 కోట్లుగా ఉన్న ఎక్సైజ్ ఆదాయం 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఊరూరా వేలంపాటలో దుకాణం దక్కించుకున్న కాంట్రాక్టరు, అతని వెనక రాజకీయ నాయకుడు, మామూలు పుచ్చుకుని కళ్ళు మూసుకునే అధికారి, వీళ్ళ మధ్య నలిగిపోయిన ఇల్లాలు. నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు తమ బతుకు గురించి కలిసి మాట్లాడుకున్నారు. దూబగుంట స్త్రీలు తమ ఊళ్ళో సారా ఆపించారు. ఆ కథ పాఠమై ఇతర ఊళ్ళకు చేరింది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయంటే కారణం కలెక్టరేటు ముందు గుమిగూడిన ఆ ఆడవాళ్ళే. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది.

ఆ తర్వాత జరిగింది కూడా మనకు పాఠమే. నిషేధం ఉన్న రోజుల్లో పక్క రాష్ట్రాల నుంచి మద్యం వచ్చింది, ఊళ్ళలో దొంగసారా కాచారు. మామూళ్ళు లేకుండా అవి సరిహద్దు దాటలేదు. అమలు కావడం లేదు, ఖజానాకు నష్టం అంటూ 1997లో నిషేధాన్ని సడలించారు. వేలమంది ఆడవాళ్ళు కలిసి గెలుచుకున్నదాన్ని చెక్‌పోస్టుల దగ్గర చిల్లరగా అమ్మేశారు. పోరాటంతో చట్టం తెచ్చుకోవడం సగం పని. అది అమలవుతున్నదా అని రోజూ కాపలా కాయడం మిగతా సగం. ఆ రెండో సగం దగ్గర మనం వెనకబడ్డాం.

ఆ కాపలా ఎలా కాయాలో రాజస్థాన్ కూలీలు చూపించారు. 1990 మే 1న ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌లో కరువు పనులకు వెళ్ళిన ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కనీస వేతనం ఎందుకు ఇవ్వడం లేదని అడిగితే ‘మీరు పని చేయలేదు, మస్టర్ రోల్‌లో అలాగే ఉంది’ అన్నారు. అయితే ఆ మస్టర్ రోల్ చూపించండి అన్నారు వాళ్ళు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి బహిరంగ విచారణ జరిపి, కాగితాల్లో ఉన్నది ఊరందరి ముందూ చదివించారు. చేయని పనులకు, పనికి రాని మనుషుల పేర్లకు కూలి రాసుకున్న సంగతి బయటపడింది. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. ఆ ఉద్యమం పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టమై దేశమంతటికీ వచ్చింది.

ఆ పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పనులకు గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరగాలని 2005 నాటి ఆ చట్టం 17వ సెక్షన్‌లోనే రాశారు. కూలీల కుటుంబాల యువతీయువకులు ఇల్లిల్లూ తిరిగి, పేర్లు చదివి, అందరి ముందూ లెక్క తేల్చారు. బయటపడిన సొమ్ములో తిరిగి రాబట్టింది కొద్ది భాగమేనన్నది నిజం. కానీ ‘నా పేరున ఎంత రాశావు?’ అని ఒక దళిత స్త్రీ ఫీల్డ్ అసిస్టెంట్‌ను నలుగురిలో నిలదీయడం మన ఊళ్ళలో అంతకుముందు ఉన్నదా?

మనం చేయవలసింది

ఈ మూడు అనుభవాల్లోనూ ఉన్నది రెండే సూత్రాలు. ఒంటరిగా పోకపోవడం, లెక్కను బయట పెట్టడం. లంచం ఒంటరితనం మీద, రహస్యం మీద బతుకుతుంది. ఆ రెండింటినీ తీసేస్తే అది అడిగే గొంతు పెగలదు. కాబట్టి మన సంఘాలు చేయగలిగిన కొన్ని పనులు చెప్పి ముగిస్తాను.

ఆఫీసుకు, స్టేషనుకు, ఆస్పత్రికి పని మీద వెళ్ళే ఏ స్త్రీనీ ఒంటరిగా పంపవద్దు. కనీసం ఇద్దరు తోడు వెళ్ళాలి. దరఖాస్తు ఇచ్చిన వెంటనే రశీదు అడగాలి. ఎఫ్.ఐ.ఆర్. నమోదైతే దాని ప్రతిని ఉచితంగా ఇవ్వాలి, అది అడిగి తీసుకోవాలి.

ఏ సేవ ఉచితం, దేనికి ఎంత ఫీజు, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అన్నది తెలుసుకుని పెద్ద అక్షరాలతో రాసి ఊళ్ళో అందరికీ కనిపించే చోట పెట్టాలి. ధర తెలిసిన చోట దొంగ ధర చెప్పడం కష్టం.

సమాచార హక్కు దరఖాస్తు రాయడం ప్రతి సంఘంలో ఇద్దరికైనా రావాలి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. అయితే 2023లో తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చారు. ‘ఇది వ్యక్తిగత సమాచారం’ అనే ఒక్క మాటతో జాబితాలు ఇవ్వకుండా తప్పించుకునే వీలు దానివల్ల పెరిగింది. మస్టర్ రోల్‌లో పేర్లే లేకపోతే ఎవరి పేరున తిన్నారో ఎలా తేలుతుంది? ఈ మార్పును వ్యతిరేకించడం స్త్రీల ఉద్యమం పని కూడా.

గత్యంతరం లేక డబ్బు ఇచ్చి వచ్చిన స్త్రీని ‘ఎందుకిచ్చావ్’ అని తప్పుపట్టవద్దు. ఆమెకు ఏడు రోజుల గడువు ఉందని గుర్తుంచుకుని, ఆ గడువులోగా ఆమెతో కలిసి వెళ్ళి ఫిర్యాదు రాయించాలి. ఆ గడువు నిబంధన పేదల విషయంలో సడలించాలని కూడా మనం డిమాండు చేయాలి.

చివరగా మన సంఘాల లెక్కలు మనమే నెల నెలా సభ్యులందరి ముందూ చదవాలి. పొదుపు పుస్తకం లీడరు దగ్గర, బ్యాంకు పాసు పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండి, మిగతావాళ్ళకు వేలిముద్ర వేయడం తప్ప ఏమీ తెలియని సంఘం ఎవరినీ లెక్క అడగలేదు.

మామూలు అంటే ఎప్పుడూ జరిగేది అని ఇందాక చెప్పుకున్నాం. ఆడవాళ్ళు గుంపుగా వచ్చి కాగితం చూపించమని అడగడం ఈ దేశంలో ప్రతి ఆఫీసులోనూ ఎప్పుడూ జరిగే పని కావాలి. అది మామూలు అయిన రోజున ఇది ఆగుతుంది. ఆ పని ఈ తరగతుల నుంచి వెళ్ళగానే మీ మీ మండలాల్లో మొదలుపెట్టండి. సెలవు.